మీ షోకేసు గ్లాసు, మా చూరు గిలాస



పోయిన వారం చెప్పుల మీద రాసిన భాగం చదివి ఒక మిత్రుడు ఫోన్ చేశాడు. "వచ్చే వారం దేని మీద సార్? చెంబు మీదనా, గ్లాసు మీదనా?" అని నవ్వాడు. ఆయన వెటకారంగానే అన్నాడు గానీ సరైన చోటే వేలు పెట్టాడు. ఈ వారం గ్లాసు మీదనే.

కొన్ని నెలలుగా మా స్టూడెంట్లు నాకు కొన్ని రీల్స్ పంపుతున్నారు. పాత గాజు సామాను అమ్మే పేజీలవి. తేనె రంగు గ్లాసులు, లేత ఆకుపచ్చ గ్లాసులు, అంచుకు బంగారు గీత ఉన్న షర్బత్ సెట్లు, ఒక జగ్గుకు ఆరు గ్లాసులు, గాజు బిరడా ఉన్న సీసాలు. వెనకాల ఘంటసాల పాట. వీటిని ‘మిడ్ సెంచరీ’ అంటున్నారు. పోయిన శతాబ్దపు నడిమి కాలం, 1940ల చివరి నుంచి 60ల దాకా అన్నమాట. ఒక్కో సెట్టు ధర చూస్తే మా గెస్ట్ ఫ్యాకల్టీకి కళ్లు తిరుగుతాయి.

ధరతో నాకు పేచీ లేదు. ఆ బొమ్మల మీద వినిపించే మాటలతోనే పేచీ. ఆ రోజుల్లో మర్యాద ఉండేదట. ఇంటికొచ్చిన మనిషిని ఎట్లా చూసుకోవాలో తెలిసేదట. గ్లాసు చేతికిచ్చే తీరులోనే సంస్కారం కనిపించేదట. ఇప్పుడు మనం అదంతా పోగొట్టుకున్నామట.

ఈ ‘మనం’ ఎవరు? గ్లాసు ఎవరి చేతికి ఇచ్చారు?

ఆ నడిమి కాలంలోనే ఇంకేం జరిగిందో కూడా చూడాలి కదా. 1950 జనవరి 26న రాజ్యాంగం అమల్లోకి వచ్చింది. 17వ అధికరణ అంటరానితనాన్ని రద్దు చేసింది. 15వ అధికరణ రెండో క్లాజు దుకాణాలు, హోటళ్లు, బావులు, చెరువులు అని పేరుపేరునా చెప్పి, కులం పేరు మీద ఎవర్నీ అక్కడ ఆపొద్దంది. అది చాల్లేదు. 1955లో పార్లమెంటు అంటరానితనం నేరాల చట్టం చేసింది. ఆ ఏడు జూన్ 1 నుంచి అమలు. దాని 4వ సెక్షన్ తీసి చదవండి. హోటల్లో, సత్రంలో, ముసాఫిర్‌ఖానాలో అందరి కోసం పెట్టిన పాత్రలను వాడుకోనివ్వకపోవడం నేరమని రాసి ఉంటుంది.

పాత్రలు! ఒక దేశపు పార్లమెంటు కూర్చుని గ్లాసు గురించి చట్టం రాయాల్సి వచ్చింది. అదీ మీ రీల్లో మర్యాద పొంగి పొర్లుతున్న సంవత్సరాల్లోనే. ఊరూరా హోటల్లో ఇంకో గ్లాసు లేకపోతే ఆ వాక్యం రాసే అవసరం ఎవరికొచ్చింది? శిక్ష ఆరు నెలల దాకా జైలు, లేదా 500 రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. ‘లేదా’ ఉన్న చోట డబ్బులున్నోడు ఏ దారి పడతాడో చెప్పాల్సిన పని లేదు. 1976 సవరణలో ఆ ‘లేదా’ తీసేసి, కనీసం నెల జైలు, దానిపైన జరిమానా, రెండూ తప్పవన్నారు. చట్టం పేరు కూడా పౌరహక్కుల పరిరక్షణ చట్టం అయింది.

కాబట్టి 1955 నాటి షర్బత్ సెట్టు ఎవరైనా చూపిస్తే, అదే ఏడు పుట్టిన ఈ సెక్షన్‌ను కూడా పక్కన పెట్టి చూడండి. రెండూ ఒకే కాలపు సామాను.

మాది కోదాడకూ సూర్యాపేటకూ నడుమ, హైవే నుంచి కొంచెం లోపలికున్న ఊరు. మా తాత గిలాస గాజుది కాదు, సత్తుది. (మావోళ్లు దాన్ని సిల్వర్ గిలాస అనేవాళ్లు. అల్యూమినియానికి వెండి పేరు పెట్టుకున్న పేదరికం మీద ఎవరైనా ఒక వ్యాసం రాయాలి.) ఆ గిలాస మా ఇంట్లో ఉండేది కాదు. ఊళ్లో హోటల్ చూర్లో ఉండేది. తాటాకు కప్పు అంచులో చెక్కిన గిలాసల్లో తనది ఏదో సొట్టను బట్టి గుర్తుపట్టేవాడు. తీసి, సాలెగూడు ఊది, కుండలో నీళ్లు ఎవరైనా పోస్తే కడుక్కుని, అరుగు కింద బండ మీద పెట్టి, రెండడుగులు ఎనక్కి జరగాలి. హోటలాయన పైనుంచి చాయ్ పోసేవాడు, ధార గిలాసకు తగలాలి గానీ గిన్నె తగలొద్దు. గొంతుక్కూర్చుని తాగి, మళ్లీ కడిగి, మళ్లీ చూర్లో పెట్టి రావాలి. పైసలు బండ మీద పెడితే వాటి మీద నీళ్లు చల్లి తీసుకునేవాడు. పైసలకు మాత్రం శుద్ధి ఉంది.

ఇంకో మాట కూడా చెప్పకపోతే ఈ లెక్క సగమే అవుతుంది. ఆ చూర్లో మాలోళ్ల గిలాసలు ఒక దిక్కు, మాదిగోళ్లవి ఒక దిక్కు. ఆ దూరం పెట్టింది హోటలాయన ఒక్కడే అని నేననను. దాని గురించి మనలో మనం మాట్లాడుకోవాల్సింది చాలా ఉంది, ఇంకో భాగంలో మాట్లాడదాం.

ఇదంతా నాకు మా నాయిన చెప్పింది. ఆయన చిన్నప్పుడు తాత ఎంట పోయి ఆ చూరు కిందనే నిలబడ్డోడు. హోటల్‌కు తాటాకు పోయి రేకులు పడ్డప్పుడు చూరు పోయింది. చూర్లో గిలాసలు ఎవరు తీశారో, ఏ పాతసామానోడికి వేశారో ఎవరూ అడగలేదు.

నేను తెలుగు చెప్పి బతికేవాణ్ని కాబట్టి ఇక్కడ ఒక మాట దగ్గర ఆగుతాను. పాత్ర. పాత్ర అంటే గిన్నె. నాటకంలో వేషమూ పాత్రే. అర్హుడైన మనిషి పాత్రుడు. అర్హత లేనివాడికి ఇస్తే అపాత్రదానం. పెళ్లికార్డుల్లో ‘ఆశీస్సులకు పాత్రులు’ అని వేసుకుంటాం. గిన్నెకూ యోగ్యతకూ ఒకే మాట ఎట్లా కుదిరిందని క్లాసులో అడిగితే, పోసింది నిలుపుకునేది పాత్ర, ఇచ్చింది నిలుపుకునేవాడు పాత్రుడు అని మాకు పాఠం చెప్పారు. వినడానికి బాగుంది. ఇక మనుస్మృతి పదో అధ్యాయం తెరవండి. చండాలుడు ఊరి బయట ఉండాలి, పగిలిన పాత్రల్లో తినాలి. అక్కడ వాళ్లకు వాడిన మాట ‘అపపాత్ర’. వాళ్లు వాడిన గిన్నె ఇంకెవరికీ పనికిరాదని అర్థం. అంటే ఒక మనిషి ఎవరో చెప్పడానికి వాడి గిన్నెను ఏం చేయాలో చెప్పారు. మా తాత చూర్లో గిలాస పల్లెటూరి మొరటోళ్లు కనిపెట్టిన అలవాటు అనుకునేవాళ్లు ఆ శ్లోకాల దగ్గరికి ఒకసారి పోయి రావాలి.

అదే పుస్తకం ఐదో అధ్యాయంలో ఏ వస్తువును ఎట్లా శుద్ధి చేయాలో వరస ఉంటుంది. లోహాన్ని బూడిదతో, నీళ్లతో. మట్టికుండను మళ్లీ కాల్చి. ఈ లెక్కల్లోకి గాజు వచ్చి పడేసరికి శాస్త్రం చదువుకున్న ఇళ్లకు చిక్కొచ్చింది. మడి పాటించే ఇళ్లల్లో గాజునూ పింగాణీనీ వంటింట్లోకి రానిచ్చేవాళ్లు కాదు. బయటోళ్లకు ఇవ్వడానికి వసారాలో విడిగా ఉంచేవాళ్లు. ఇవాళ వంశపారంపర్యం అని మురుసుకుంటున్న గ్లాసుల్లో కొన్ని అట్లా ‘బయటోళ్ల గ్లాసులు’గా బతికినవే. ఆ బయటోళ్లలో కూడా మేం లేం, అది వేరే సంగతి.

రసాయనశాస్త్రం చెప్పే ముక్క ఒకటుంది. ఇసుక, సోడా, సున్నపురాయి కలిపి కరిగించి అచ్చులో పోసిన గాజుకు నీళ్లు పీల్చుకునే రంధ్రాలుండవు. ఏదీ దానిలోకి దిగదు. అందుకే ల్యాబులో యాసిడ్ పోసిన బీకరును కడిగి రేపు ఇంకో ప్రయోగానికి వాడతారు. యాసిడ్ మరక పోతుంది. మా పెదవి మరక మాత్రం పోదు. ఎంగిలి అనే మాటను మన భాషలో పుట్టించినోళ్లకు తెలుసు, అది గ్లాసుకు అంటుకునేది కాదు, మనిషికి అంటించేది.

ఇప్పుడు ఆ అందమైన గ్లాసులు ఎక్కడివో చూద్దాం. మొదట దొరలు, నవాబులు తెప్పించుకున్నవి బయటి దేశాలవి. తర్వాత స్వదేశీ గాజు. 1908లో పుణె దగ్గర తలేగావ్‌లో పైసా ఫండ్ గ్లాస్ వర్క్స్ పెట్టారు. జనం దగ్గర పైసా పైసా చందా ఎత్తి పెట్టిన ఫ్యాక్టరీ, అందుకే ఆ పేరు. తిలక్ దీవెన ఉన్న పని. ఉత్తరాన ఫిరోజాబాద్ గాజులకూ గ్లాసులకూ పెద్ద ఊరైంది. అక్కడి జైన్ గ్లాస్ వర్క్స్ వాళ్ల గ్లాసులకు అడుగున ‘జైన్’ అని అచ్చు ఉంటుంది. ఒంటి మీద చేపలు, పూలు, నూనె చుక్క నీళ్ల మీద తేలినట్టు మెరిసే రంగులు. ఇవాళ విదేశాల్లో కార్నివాల్ గాజు పోగుచేసేవాళ్లు వాటి కోసం వెతుకుతారు. తర్వాత బరోడా అలెంబిక్ వాళ్ల ‘యెరా’ గ్లాసులు ఇళ్లల్లోకి వచ్చాయి. 1962లో బొరోసిల్ మొదలైంది.

అవి అందమైనవే. ఆ సంగతి దాచను. ఫిరోజాబాద్ కొలిమి ముందు ఒళ్లు కాల్చుకుని ఊదినవాళ్ల పనితనం అది, అందులో పసిపిల్లల చేతులు కూడా ఉన్నాయి. ఆ చేతులకు నేను దండం పెడతాను. నా తగాదా పైసా ఫండ్‌తో ఉంది. విదేశీ గాజు వద్దు, మన గాజు కావాలని ప్రతి మనిషి దగ్గరా పైసా అడిగిన ఉద్యమం, తయారైన గ్లాసులో ఎవరెవరు తాగొచ్చు అన్న ప్రశ్న అడగలేదు. 1927 మార్చి 20న మహాడ్‌లో చవదార్ చెరువు నీళ్లు దోసిట్లో తీసుకుని తాగడానికి బాబాసాహెబ్ వేలమందిని నడిపించుకుని పోవాల్సి వచ్చింది. తలేగావ్ కొలిమి రాజుకుని అప్పటికి 19 ఏళ్లు. గాజు స్వదేశీ అయింది, నీళ్లు మాత్రం కాలేదు.

మా వైపు గాజు సామాను మొదట చేరింది గడీల్లోకి. సూర్యాపేట తాలూకా అంటే ఎర్రపాడు దేశ్‌ముఖ్ జన్నారెడ్డి ప్రతాపరెడ్డి పేరు గుర్తుకు రావాలి, లక్షన్నర ఎకరాల మనిషి అని సుందరయ్య రాశారు. ఆ గడీల వైభవం మీద ఇప్పుడు యూట్యూబులో డ్రోన్ వీడియోలున్నాయి. గడీ గోడ బాగుంది, తలుపు బాగుంది, దర్వాజ మీద చెక్కడం బాగుంది. ఆ గోడల వెనక షర్బత్ గ్లాసు ఎత్తిన దొర కాలికి చెప్పులు కుట్టి ఇచ్చింది వెట్టిగా. బాయి మీద మోటకు తోలు సామాను ఇచ్చింది వెట్టిగా. చెప్పు లోపలికి పోయేది, కుట్టినోడు బయట నిలబడేవాడు.

1946 నుంచి 51 దాకా ఇదే నేల మీద సాయుధ పోరాటం నడిచింది. దొరలు గడీలు ఇడిసి పట్నం పారిపోయారు. వెట్టి కూలింది. అందులో మావోళ్ల నెత్తురు ఉంది, ఆ గౌరవం ఎవరూ తీసేయలేరు. కామ్రేడ్లను మాత్రం ఒకటి అడగాలి. గడీలోకి తుపాకీ పట్టుకుని పోయిన ఉద్యమం, ఊరి నడుమ హోటల్ చూరు కిందికి ఎందుకు పోలేదు? పోయిన చోట్లు ఉన్నాయంటారు, సంఘంలో కలిసి తిన్నామంటారు. తిన్నారు. కానీ దళం ఊరు దాటగానే గిలాస మళ్లీ చూర్లోకి పోయింది. మా తాత వెట్టి పోవడం కళ్లతో చూశాడు. గిలాస పోవడం చూడకుండానే పోయాడు.

తర్వాత సాగర్. 1955 డిసెంబర్ 10న నెహ్రూ శంకుస్థాపన చేశారు. మళ్లీ అదే 1955. 1967 ఆగస్టు 4న కాలువలకు నీళ్లు వదిలారు. ఎడమ కాలువ కింద మిర్యాలగూడ, హుజూర్‌నగర్, కోదాడ దిక్కు వరి వచ్చింది, రైస్ మిల్లులు వచ్చాయి, లారీలు వచ్చాయి, లారీ డ్రైవర్ల కోసం టీ హోటళ్లు వచ్చాయి. మట్టి పిడతలు, తాటి రేకలు పోయి గీతల గ్లాసులు వచ్చాయి. అభివృద్ధి లెక్కల్లో ఎన్ని ఎకరాలు తడిసిందీ ఉంటుంది. ఆ నీళ్లతో కాచిన చాయ్ ఎవరికి ఏ గ్లాసులో పోశారో ఏ ఇంజనీరూ కొలవలేదు.

పట్నం పోయిన మావోళ్లకు ఇరానీ హోటలంటే ఎందుకంత ప్రాణమో నాకు పెద్దయ్యాక అర్థమైంది. అక్కడ ఎవరి కులమూ అడగకుండా కప్పు సాసరు తెచ్చి బల్ల మీద పెడతారని మా మేనమామ ఎన్నిసార్లు చెప్పాడో లెక్క లేదు. చాయ్ రుచి ఎట్లుందో మాత్రం ఒక్కసారీ చెప్పలేదు.

మన దగ్గర ఒక్కచోటే ఇట్లా అని కాదు. ఆ మిడ్ సెంచరీ గాజు మోజు అమెరికా నుంచి దిగుమతి అయింది కాబట్టి అమెరికా సంగతీ వినండి. రంగురంగుల కాక్‌టెయిల్ గ్లాసులు వెలిగిపోతున్న అదే కాలంలో, 1960 ఫిబ్రవరి 1న, నార్త్ కరోలినాలోని గ్రీన్స్‌బరోలో నలుగురు నల్లజాతి కాలేజీ విద్యార్థులు వూల్‌వర్త్ దుకాణంలో తెల్లవాళ్లకు మాత్రమే అని కట్టుబాటు ఉన్న కౌంటర్ దగ్గర కూర్చుని కాఫీ అడిగారు. పోయలేదు. లేవలేదు. మరునాడు ఇంకొందరు వచ్చారు, ఆ తర్వాత వందల మంది. అదే దుకాణంలో వాళ్ల దగ్గర సామాను అమ్మి డబ్బులు తీసుకున్నారు, కాఫీ మాత్రం ఇవ్వలేదు. మా తాత పైసలు గుర్తొచ్చాయా? జూలై 25కు ఆ కౌంటర్ తలవంచింది. ఆ నలుగురూ మీ వయసువాళ్లే. నలుగురూ మొదటి సంవత్సరం విద్యార్థులు.

ఇంకో దేశం చూడండి. రెండో ప్రపంచ యుద్ధం అయిపోయాక ఫ్రాన్స్‌లో డ్యూరాలెక్స్ అనే గట్టి గాజు గ్లాసు వచ్చింది. కిందపడ్డా తొందరగా పగలదు. బడి క్యాంటీన్లన్నిట్లో అదే గ్లాసు. అడుగున ఒక అంకె అచ్చు ఉంటుంది. పిల్లలు నీళ్లు తాగేసి అంకె చూసుకుని, నీ వయసు ఇంత, నా వయసు ఇంత అని ఆడుకునేవాళ్లు. అక్కడ అన్యాయాలు లేవని నేననడం లేదు, అల్జీరియాను అడిగితే చెబుతుంది. కానీ బడిలో పిల్లలందరి ముందూ ఒకే రకం గ్లాసు పెట్టి, ఎవరికి ఏది వస్తే అది తాగే ఆట ఒకటుందని తెలిసినప్పుడు నాకు కడుపు మండింది. మన దేశంలో 11 రాష్ట్రాల్లో 565 ఊళ్లు తిరిగి 2006లో పుస్తకంగా వచ్చిన అంటరానితనం సర్వేలో, సుమారు 38 శాతం ఊళ్ల సర్కారు బళ్లల్లో తినేటప్పుడు దళిత పిల్లలను వేరుగా కూర్చోబెడుతున్నారని తేలింది. పేర్లు జి. షా, హర్ష్ మందర్, సుఖదేవ్ థోరట్ వగైరా, లైబ్రరీలో అడిగి చదవండి.

"వస్తువుకు కులమేంటి సార్, మీరు ప్రతిదాంట్లో వెతుకుతారు" అంటారు. పోయినేడు ఒక గృహప్రవేశానికి పోయాను. ఏ ఊళ్లోనో, ఎవరిదో చెప్పను. హాల్లో అద్దాల బీరువా. అందులో మబ్బు రంగు గ్లాసులు ఆరు. "మా తాతగారు బొంబాయి నుంచి తెచ్చినవి, మా ఇంటికి ఎంత పెద్దవాళ్లొచ్చినా వీటిల్లోనే షర్బత్" అని ఇంటాయన ఒక్కొక్కటీ తీసి వెలుతురుకు పట్టి చూపించాడు. మంచి మనిషి. నేను మామూలుగానే అడిగాను: "మీ పొలంలో మా దిక్కోళ్లు పని చేసేవాళ్లు కదా సార్, వాళ్లెప్పుడైనా వీటిల్లో తాగిన్రా?" ఆయనకు కోపం రాలేదు. ఆలోచించాడు. "అప్పట్లో అట్లా ఉండేది కాదు కదండీ" అన్నాడు. ‘అప్పట్లో అట్లా ఉండేది’ అన్నప్పుడు కర్త ఉండడు. ఎవరు ఉంచారో, ఎవరు ఆపారో తెలియదు. వ్యాకరణం చెప్పేవాడిగా అంటున్నాను, మన భాషలో కర్త లేకుండా బతికే వాక్యాల్లో ఎక్కువ భాగం ఇట్లాంటివే.

ఆ గ్లాసుల వెల పెరిగింది గాజు వల్ల కాదు. వాటి వెనక ఒక కథ ఉండడం వల్ల. ఎవరి ఇల్లు, ఏ కాలం, ఏ విందు. అమ్మేవాడు ఆ కథనే అమ్ముతున్నాడు. అట్లాంటప్పుడు కథ మొత్తం చెప్పి అమ్మమంటున్నాను. ఎవరు తాగారో చెప్పి, ఎవర్ని తాగనివ్వలేదో దాస్తే అది సరుకు గురించి అబద్ధం చెప్పి అమ్మడమే.

ఇక అసలు సంగతి. ఇదంతా పాత ముచ్చట అనుకునేవాళ్లు ఇక్కడి నుంచి జాగ్రత్తగా చదవండి.

మిర్యాలగూడ వైపు నుంచి వచ్చే మా డిగ్రీ అమ్మాయి ఒకతె క్లాసులో చెప్పింది: "సార్, మా ఊళ్లో రెండు గ్లాసుల్లేవు. ఒకటే గ్లాసు, ఒకటే కప్పు." క్లాసంతా నవ్వింది, తర్వాత నవ్వు ఆగిపోయింది. గ్లాసు ఊరోళ్లకు. పేపరు కప్పు వాడోళ్లకు. బల్ల మీద కూర్చున్నోడికి గాజు గ్లాసు దానంతట అదే వస్తుంది. వాళ్ల నాయిన నిలబడగానే హోటలాయన చెయ్యి కప్పుల కట్ట మీదికి పోతుంది. ఏమన్నా అంటే, "నీకే మంచిది, శుభ్రంగా ఉంటది, కరోనా కాలం సంది ఇదే అలవాటైంది" అంటాడు. ఎంత శ్రద్ధ! ఆ శుభ్రం సర్పంచుకు అక్కర్లేదట.

రెండు గ్లాసుల పద్ధతి మీద ఈ నేల మీద పెద్ద కొట్లాటే జరిగింది. 1998లో పుట్టిన కేవీపీఎస్ ఊరూరా తిరిగింది. అంబేద్కర్ సంఘాలు, దండోరా పిల్లలు హోటళ్లల్లోకి పోయి బల్లల మీద కూర్చుని చాయ్ అడిగారు, దెబ్బలు తిన్నారు, కేసులు పెట్టించుకున్నారు. జస్టిస్ కె. పున్నయ్య కమిషన్ ఉమ్మడి రాష్ట్రం తిరిగి అంటరానితనం ఏ ఏ రూపాల్లో ఉందో రాసింది. వాటి ఫలితంగానే గిలాసలు చూర్ల నుంచి దిగాయి. గెలిచాం. గెలిచిన చోటనే మోసపోయాం కూడా, ఎందుకంటే తాగి పారేసే కప్పు వచ్చింది. మనువు చెప్పిన అపపాత్ర ఉంది చూశారా, వాళ్లు వాడింది పారేయాలి అన్నది, దాన్ని ఫ్యాక్టరీలో కట్టలు కట్టలుగా తయారు చేసి పంపుతున్నారు. కడగాల్సిన పని లేదు, దాచాల్సిన చూరు లేదు, పట్టుబడడానికి ఇంకో గ్లాసు లేదు. 2022 జులై 1న ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్ కప్పులను నిషేధించారు. పేపరు కప్పు మిగిలింది.

అధికారులు ఊరికొస్తారు. ప్రతి నెలా 30న ఏదో ఒక ఊళ్లో పౌరహక్కుల దినం జరపాలి కదా. టెంటు వేస్తారు, మైకు పెడతారు. "రెండు గ్లాసుల పద్ధతి ఉందా?" అని అడుగుతారు. హోటలాయన అన్నీ ఒకే రకం గ్లాసులు చూపిస్తాడు. లేదు అని రాసుకుని పోతారు. అడిగినోడు అబద్ధం అడగలేదు, చెప్పినోడూ అబద్ధం చెప్పలేదు. కాయితం మీద అంటరానితనం లేదు, కాయితం కప్పులో ఉంది.

అయితే చట్టం అంత గుడ్డిది కాదు, చదివేవాళ్లు కావాలి. పౌరహక్కుల పరిరక్షణ చట్టం 12వ సెక్షన్ ప్రకారం ఎస్సీ మనిషి మీద ఈ నేరం జరిగితే అది అంటరానితనం కారణంగానే జరిగిందని కోర్టు అనుకోవాలి. కాదని నిరూపించుకోవాల్సింది అవతలివాడు. శుభ్రం కోసమే కప్పు ఇచ్చానంటే, మిగతావాళ్లకు ఎందుకు ఇవ్వలేదో వాడే చెప్పుకోవాలి. ఎస్సీ, ఎస్టీ అత్యాచార నిరోధక చట్టానికి 2016 జనవరి 26 నుంచి అమల్లోకి వచ్చిన సవరణలో 3(1)(జెడ్ఏ) అనే క్లాజు ఉంది. జనం వాడుకునే చోట అందరి కోసం ఉన్న పాత్రలు వాడుకోకుండా అడ్డుకోవడం అందులో నేరం. ఆరు నెలల నుంచి అయిదేళ్ల దాకా జైలు. 1955లో రాసిన గ్లాసు వాక్యాన్ని 60 ఏళ్ల తర్వాత మళ్లీ రాయాల్సి వచ్చింది.

ఒక ప్రశ్న వస్తుంది, రానివ్వండి. అందరికీ గాజు గ్లాసే ఇస్తే కులం పోతుందా? బాబాసాహెబ్ 1936లోనే జవాబు చెప్పారు. ‘కుల నిర్మూలన’ చదివినవాళ్లకు తెలుసు. కలిసి తినడం చాలదు, చాలా చోట్ల కలిసి తిన్నారు, కులం చావలేదు, పెళ్లి కలవాలి అన్నారు. మిర్యాలగూడకు ఈ పాఠం పుస్తకంలో చదవాల్సిన అవసరం లేదు. 2018 సెప్టెంబర్ 14న ఆసుపత్రి ముందు పట్టపగలు కొట్టిన కత్తి దెబ్బను సీసీ కెమెరాలో దేశమంతా చూసింది. 2025 మార్చి 10న నల్లగొండ కోర్టు ఒకరికి ఉరి, ఆరుగురికి యావజ్జీవం వేసింది. ఆ ఊళ్లో కలిసి చదువుకోవచ్చు, ఒకే క్యాంటీన్లో ఒకే గ్లాసులో చాయ్ తాగొచ్చు. దాని తర్వాతి మెట్టు దగ్గర కత్తి ఉంది.

అట్లని గ్లాసు చిన్న సంగతి అనకండి. 1985 జులై 17న కారంచేడులో ఆరుగురు మాదిగలను చంపిన దాడి వెనక మంచినీళ్ల చెరువు ఉంది, తాగే నీళ్లను పాడు చేస్తుంటే అడ్డం పోయి బిందె ఎత్తిన ఒక స్త్రీ ఉంది. ఈ దేశంలో పెద్ద నెత్తురు చిన్న పాత్రల దగ్గరే మొదలవుతుంది.

గ్రీన్స్‌బరో కౌంటర్ ముచ్చట ఇంకా ఉంది. ఆ నలుగురు కూర్చున్న కౌంటర్లో ఒక ముక్కను, కుర్చీలతో సహా, వాషింగ్టన్‌లో స్మిత్‌సోనియన్ వాళ్ల అమెరికా చరిత్ర మ్యూజియంలో పెట్టారు. తమ సిగ్గును తామే అద్దాల వెనక పెట్టుకుని పిల్లలకు చూపిస్తున్నారు. మేం పిల్లల్ని తీసుకుని సాలార్‌జంగ్ మ్యూజియానికి పోయాం. 1951 డిసెంబర్ 16న నెహ్రూ తెరిచింది, అదీ ఆ నడిమి కాలమే. యూరప్ గాజు గదుల్లో పిల్లలు చాలాసేపు ఉన్నారు. అది నవాబు సేకరణ, అందులో చూరు గిలాస ఉండాలని నేననను. ఎక్కడో ఒకచోట మాత్రం ఉండాలి కదా. పాతసామానోడి తూకంలో కరిగిపోయాక, ‘మా ఊళ్లో ఎప్పుడూ అట్లాంటిది లేదండీ’ అనేవాడికి ఏం చూపిస్తాం?

అందుకని రెండు పనులు. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ చుట్టుపక్కల స్టూడెంట్లు ఈ నెల 30న పౌరహక్కుల దినం ఏ ఊళ్లో పెడుతున్నారో తహసీల్దార్ ఆఫీసులో ముందే అడగండి. మైకు దగ్గర ‘రెండు గ్లాసులున్నాయా’ అనే ప్రశ్నకు బదులు ‘ఎవరికి గ్లాసు, ఎవరికి కప్పు’ అని అడిగించండి, అదే మాట రిజిస్టర్లో రాయించండి, నకలు తీసుకోండి. ఒక్కరే పోకండి. కోదాడ దిక్కు అయితే నేనొస్తాను.

రెండోది, మీ తాతలవి, అవ్వలవి గిలాసలు ఇంట్లో ఏ మూలనైనా ఉంటే తీయండి. సత్తువి, చిల్లు పడ్డవి, కొబ్బరి చిప్పలైనా సరే. ఫొటో తీసి, ఏ ఊరు, హోటల్ ఎక్కడ ఉండేది, ఎవరి గిలాస, ఏ ఏండ్లలో వాడిన్రు, పెద్దవాళ్లు బతికుంటే వాళ్ల నోటితో చెప్పించి రాసి, నాకు పంపండి. పేరు వద్దంటే పేరు తీసేస్తాను. చింతపండు పెట్టి తోమొద్దు. సొట్టలు సాపు చేయించొద్దు.

వచ్చే వారం కుర్చీ.

జై భీమ్.